తేనె పెట్టెకు మూడు వారాల విరామం ఇప్పించండి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉద్యాన శాఖ అధికారులకు, కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. తేనెటీగ పిల్లలను చంపే థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం సోకిన తేనె పెట్టెకు మందు లేదు. అయినా ఆ పెట్టెను బతికించుకోవచ్చు. రాణి ఈగ మూడు వారాలు గుడ్లు పెట్టకుండా ఆపాలి, పెట్టెను శుభ్రం చేయాలి. ఆ తర్వాత కూడా రోగం కనబడితే ఈ జబ్బును తట్టుకుని నిలిచిన ఈగల కుటుంబం నుంచి కొత్త రాణిని తేవాలి. పెట్టెకు రెండు కిలోల చక్కెర, ఒక జాలీ పంజరం ఉంటే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. కానీ రైతు ఒక్కడే చేస్తే ఈ పని సగమే అవుతుంది. మిగతా సగం మీరు పెట్టెలు ఎక్కడి నుంచి తెప్పిస్తారు, ఎప్పుడు పంచుతారు, ఏ రాణుల్ని ఇస్తారు అన్న దాని మీద ఆధారపడి ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మేం మాట్లాడుతున్నది మన పుట్ట తేనెటీగ గురించి. చెట్టు తొర్రలో, పాడుబడ్డ గోడ సందులో, పుట్టలో మైనపు అట్టలు వరుసగా కట్టుకునే చిన్న ఈగ ఇది. శాస్త్రవేత్తలు ఏపిస్ సెరానా ఇండికా అంటారు. నల్లగొండ బత్తాయికి, నకిరేకల్ నిమ్మకు, కొల్లాపూర్ మామిడికి, పొద్దుతిరుగుడుకు, నువ్వుకు, దోస, పుచ్చ పాదులకు ఇది ఇంటి ఈగ. ఇక్కడి ఎండకు, ఇక్కడి పూతకు అలవాటు పడింది. దీని మీదికి వచ్చే వైరస్‌ను 1976లో థాయ్‌లాండ్‌లో గుర్తించారు. 1978లో మేఘాలయలో కనబడింది. 1991-92లో దక్షిణాదికి దిగాక కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లో పెంచే సెరానా కుటుంబాలు 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడి పెంపకందారులు మళ్లీ నిలదొక్కుకున్నది మిగిలిన ఆ కొద్ది కుటుంబాలను విడదీసి పెంచుకుంటూ వచ్చే. మేం అడగబోయేదంతా ఆ అనుభవం మీదే నిలబడి ఉంది.

రోగం ఎలా తిరుగుతుందో ముందు చెప్పాలి. అది తెలిస్తే విరామం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కూలి ఈగల్లో వయసు తక్కువవి దాది పని చేస్తాయి. తలలోని గ్రంథుల్లో ఊరే పాలతో పిల్లపురుగులను మేపుతాయి. వైరస్ ఆ పాలలోనే పిల్లకు చేరుతుంది. రెండు రోజుల వయసున్న పిల్లపురుగు దీనికి తేలిగ్గా చిక్కుతుంది. చిక్కినా మామూలుగానే పెరుగుతుంది. గదికి మూత కూడా పడుతుంది. ప్యూపాగా (పురుగుకూ ఈగకూ మధ్య దశ) మారే ముందు చివరిసారి చర్మం వదలాలి, అది మాత్రం వదలలేదు. చర్మానికీ ఒంటికీ మధ్య నీరు చేరి, పిల్లపురుగు నీళ్ల సంచిగా మారి చచ్చిపోతుంది. దాన్ని బయటికి లాగిపారేసే దాది ఈగకు ఆ నీరు నోటికి అంటుతుంది. వైరస్ దాని పాల గ్రంథుల్లోకి చేరుతుంది. మళ్లీ అదే ఈగ ఇంకో పిల్లకు పాలు పెడుతుంది. శుభ్రం చేసే గుణమే రోగాన్ని మోస్తుందన్న మాట. అంటుకున్న దాది ఈగకు పైకి ఏ లక్షణమూ కనబడదు. పుప్పొడి తినడం మానేస్తుంది, వయసు రాకముందే మేతకు బయటికి వెళ్తుంది, తొందరగా చస్తుంది. పెట్టెలో మేపే ఈగలు తగ్గి, ఉన్న పిల్లలు కూడా చలికి, ఆకలికి పోతాయి. ఇది ముదిరితే సెరానా ఒక రోజు ఉన్నపళంగా పెట్టె వదిలి ఎగిరిపోతుంది. రైతు మూత తెరిచేసరికి ఖాళీ అట్టలు, అడుగున మైనపు పొడి మిగులుతాయి.

గుర్తుపట్టడంలోనే సగం పెట్టెలు పోతున్నాయి. పిల్లల అట్టను ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆరోగ్యంగా ఉంటే మూతలు ఒకే వరుసలో, ఒకే రంగులో, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. రోగం ఉన్న అట్టలో మూసిన గదుల మధ్య తెరిచిన గదులు చెదురుమదురుగా కనబడతాయి. కొన్ని మూతలకు చిరిగిన అంచులతో చిల్లులు ఉంటాయి. ఆ గదిలో పిల్లపురుగు వీపు ఆనించి నిలువుగా పడుకుని, తల పడవ ముక్కులా పైకి లేచి ఉంటుంది. సన్నటి చిమ్టాతో తల పట్టి మెల్లగా లాగితే చిరగకుండా మొత్తం బయటికి వస్తుంది. తోక వైపు నీటి బొట్టు వేలాడుతుంది. మొదట పాలిపోయిన తెలుపు, తర్వాత పసుపు, చివరికి ముదురు గోధుమ రంగు, తల ముందుగా నల్లబడుతుంది. ఎండిపోతే పొలుసులాగా గదికి అంటుకోకుండా రాలిపోతుంది. పుల్లతో కుళ్లిన పిల్లను కదిపితే జిగురు దారంలా సాగినా, పుల్లటి కంపు కొట్టినా అది బాక్టీరియా రోగం. సాక్‌బ్రూడ్‌లో దారం సాగదు, ఘాటైన వాసన ఉండదు.

కొత్తవాళ్లను బోల్తా కొట్టించేది ఇంకొకటి ఉంది. సెరానాలో పోతుటీగ (మగ ఈగ) గదుల మూత కొద్దిగా కోసుగా ఉండి, సరిగ్గా మధ్యలో సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు ఉంటుంది. అది రోగం కాదు, ఆ జాతి లక్షణమే. చాలామంది ఆ చిల్లు చూసి భయపడి మంచి అట్టలు కోసి పారేస్తారు. ఇంకొంతమంది నిజంగా చిరిగిన మూతలు చూసి కూడా పోతుటీగలేలే అని ఊరుకుంటారు. మీ శిక్షణలో ఈ రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. ఫొటోలతో ఈ తేడా పట్టుబడదు.

ఇప్పుడు మందుల సంగతి. పెట్టెలో పిల్లలు చస్తున్నాయంటే టెట్రాసైక్లిన్ గుళిక విప్పి చక్కెర పానకంలో కలిపి పోయడం అలవాటైంది. యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది. సాక్‌బ్రూడ్ ఆర్‌ఎన్‌ఏ వైరస్, దాని మీద ఈ మందుకు పనే లేదు. ఈగ కడుపులో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు మాత్రం దెబ్బతింటాయి. తేనెలో మందు అవశేషాలు మిగులుతాయి, వాటి మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితులు ఉన్నాయి. గంధకపు పొడి, మైట్ (ఈగల మీది పేను) మందులు కూడా ఇదే దారి. సెరానాకు వర్రోవా పేను పాత చుట్టమే, అది ఎక్కువగా పోతుటీగ గదుల్లోనే పెరుగుతుంది. దాని మీద మందు చల్లినంత మాత్రాన సాక్‌బ్రూడ్ ఆగదు. దయచేసి మీ కరపత్రాల్లో ఈ మాట పెద్ద అక్షరాల్లో వేయించండి. రైతు చేతిలో డబ్బు ఉన్న ఆ పది రోజులు మందుల షాపులో పోతే, పెట్టెను కాపాడే అసలు సమయం దాటిపోతుంది.

ఇక చేయాల్సిన పని. ముందు ఒక క్రమం పాటించాలి: ఆరోగ్యంగా ఉన్న పెట్టెలు మొదట చూడాలి, రోగం ఉన్నవి చివర. ఉలి, చిమ్టా, బ్రష్ రోగం ఉన్న పెట్టెలకు విడిగా ఉంచాలి. అట్టలు, పిల్లలు, తేనె ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మార్చకూడదు. బలహీనంగా ఉందని పక్క పెట్టె నుంచి పిల్లల అట్ట ఇచ్చి బలం చేయాలనుకోవడం మామూలు రోజుల్లో మంచి పనే. ఈ రోగంలో మాత్రం అదే వైరస్‌ను ఊరంతా పంచుతుంది.

మొదటి రోజు పొద్దున, ఈగలు మేతకు వెళ్లే వేళ, రాణిని వెతికి పట్టుకోవాలి. అగ్గిపెట్టెంత జాలీ పంజరం చాలు. కూలి ఈగలు జాలీ సందుల్లోంచి నాలుక చాపి రాణికి మేత పెట్టగలగాలి, రాణి బయటికి రాలేకపోవాలి. ఆ పంజరాన్ని మధ్యలో రెండు అట్టల నడుమ తీగతో వేలాడదీయాలి. రాణిని పూర్తిగా తీసేయడం మంచిది కాదు. రాణి వాసన పెట్టెలో లేకపోతే సెరానా కూలి ఈగలు తొందరగానే తామే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఆ గుడ్ల నుంచి పోతుటీగలే పుడతాయి. అంతవరకు పోయిన కుటుంబాన్ని మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. పంజరంలో ఉన్నా సరే రాణి పెట్టెలోనే ఉండాలి.

అదే రోజు బాగా పాడైన అట్టలు తీసేయాలి. తేలికైన లెక్క ఒకటి ఉంది. పెద్ద పిల్లలున్న గదులు వంద చూడండి, పదికి మించి చచ్చినవి ఉంటే ఆ అట్ట కోసేయండి. దాని మీది ఈగలను పెట్టెలోకే దులిపి, కోసిన అట్టను వెంటనే మరిగే నీటిలో వేసి మైనం తీసేయాలి. లేదా రెండడుగుల గుంతలో కాల్చి పూడ్చాలి. పెట్టె పక్కన పడేస్తే వేరే పెట్టెల ఈగలు వచ్చి నాకిపోతాయి. మిగిలిన అట్టలు ఈగలతో నిండుగా కప్పబడి ఉండాలి. నాలుగు అట్టలకు సరిపోయే ఈగలు ఉంటే నాలుగే ఉంచి, పక్కన అడ్డు పలక పెట్టాలి. ఈగలు కాపలా లేని అట్టలో మైనపు పురుగు దూరుతుంది. ద్వారాన్ని రెండు మూడు ఈగలు పట్టేంత సందుకు తగ్గించాలి. జబ్బు పడ్డ పెట్టెను దోచుకోవడానికి వచ్చే ఈగలే రోగాన్ని తమ ఇంటికి మోసుకుపోతాయి.

ఐదారు రోజులకు ఒకసారి చూడాలి. రాణి గుడ్లు పెట్టడం ఆగిందని గమనించి కూలి ఈగలు చిన్న పిల్లపురుగుల మీద రాణి గదులు కట్టడం మొదలుపెట్టవచ్చు. కనబడిన ప్రతి రాణి గదినీ నలిపేయాలి. ఒక్కటి మిగిలినా కొత్త రాణి పుట్టి మన లెక్కంతా తారుమారు చేస్తుంది. తొమ్మిదో రోజు దాటితే రాణిని చేయడానికి పనికొచ్చే చిన్న పిల్ల పెట్టెలో ఉండదు, ఇక ఆ బెడద లేదు. గుడ్డు నుంచి కూలి ఈగ బయటికి రావడానికి సెరానాలో 18 నుంచి 20 రోజులు పడుతుంది. అంటే 21వ రోజుకు పెట్టెలో కూలి ఈగల పిల్ల ఒక్కటి కూడా ఉండదు. చచ్చినవన్నీ ఈగలు లాగిపారేసి ఉంటాయి, గదులు తుడిచి మెరుగుపెట్టి ఉంటాయి. వైరస్ ఎక్కడానికి చిన్న పిల్ల లేదు, రోగం అంటుకున్న దాది ఈగల వయసూ మీద పడి ఉంటుంది. వైరస్ పూర్తిగా పోయిందని కాదు, పెద్ద ఈగల్లో కొంత దాగే ఉంటుంది. కానీ కుటుంబం తట్టుకోగలిగే స్థాయికి దిగుతుంది.

విరామంలో మేత ఎక్కువ పోయకూడదు. గదుల్లో తేనె ఉంటే అసలు అక్కర్లేదు. లేకపోతేనే రెండు మూడు రోజులకోసారి కొద్దిగా పోయాలి. ఎక్కువ పోస్తే గదులన్నీ పానకంతో నింపేస్తాయి, రాణి బయటికి వచ్చాక గుడ్డు పెట్టే చోటుండదు. 18వ రోజు నుంచి పుప్పొడి బదులు మేత మొదలుపెట్టాలి: వేయించి నూనె తీసిన సోయా పిండి మూడు పాళ్లు, ఈస్ట్ పొడి ఒక పాలు, వెన్న తీసిన పాలపొడి ఒక పాలు, చక్కెర పానకంతో చపాతీ పిండిలా కలిపి, 50 గ్రాముల బిళ్ల చేసి ఫ్రేముల మీద పెట్టాలి. మూడు రోజుల్లో తినకపోతే తీసేయాలి, బూజు పడుతుంది. తేనెతో కలపొద్దు. వేరే పెట్టె తేనెలో ఈ వైరస్ రావచ్చు, వేరే రోగాలూ రావచ్చు.

21వ రోజు సాయంత్రం పంజరం తెరవాలి. పొద్దున తెరిస్తే కంగారుపడి ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ద్వారానికి రాణి అడ్డు పెట్టి నాలుగు రోజులు ఉంచాలి. కూలి ఈగ దూరుతుంది, రాణి దూరలేదు. రాణి లేనిదే కుటుంబం పోదు. ఆ సాయంత్రం నుంచి కిలో చక్కెరకు లీటరు నీరు లెక్కన పానకం, పెట్టెకు 200 మిల్లీలీటర్లు, రోజు విడిచి రోజు, నాలుగు వారాలు పోయాలి. నీళ్లు మరిగించి దించాక చక్కెర వేసి కలపాలి, చక్కెరను పొయ్యి మీద మాడనివ్వొద్దు. బెల్లం వద్దు, విరేచనాలు పడతాయి. పానకం పెట్టె లోపలే పెట్టాలి, చీకటి పడ్డాకే పెట్టాలి. ఆరుబయట పళ్లెంలో పోస్తే ఊళ్లో ఉన్న జబ్బు ఈగలన్నీ ఒకే పళ్లెంలో మూతి పెడతాయి. పద్నాలుగు సార్లకు మొత్తం రెండు లీటర్ల ఎనిమిది వందలు, అందులో చక్కెర కిలోముప్పావు. మేం మొదట్లో చెప్పిన రెండు కిలోల లెక్క ఇదే.

రాణి రెండు మూడు రోజుల్లో గుడ్లు మొదలుపెడుతుంది. విడుదలైన పన్నెండో రోజు అట్ట తీసి చూడాలి. కొత్త మూతలు వరుసగా, చిల్లులు లేకుండా ఉంటే కుటుంబం గట్టెక్కినట్టే. మళ్లీ చిరిగిన మూతలు, పడవ ముక్కులు కనబడితే ఆ రాణి సంతతికి ఈ రోగాన్ని ఆపే శక్తి లేదని అర్థం. అప్పుడు జాలి పడి లాభం లేదు, రాణిని మార్చాలి.

మిమ్మల్ని అడిగేది ఇక్కడే మొదలవుతుంది. రోగం ఊరంతా తిరిగిన ఏడాది కూడా రెండు సీజన్లు శుభ్రమైన మూతలతో నిలిచిన పెట్టెలు ప్రతి మండలంలో ఒకటో రెండో ఉంటాయి. అవే మన విత్తనం. వాటి నుంచి పక్వానికి వచ్చిన రాణి గదులు రైతులకు అందాలి. గది కొన మీది మైనాన్ని ఈగలు ఒలిచేసి లోపలి గోధుమ రంగు కనిపిస్తుంటే ఒకటి రెండు రోజుల్లో రాణి బయటికి వస్తుందని గుర్తు. చుట్టూ అంగుళం అట్టతో కోసి, కొన కిందికి ఉండేలా, కుదుపు లేకుండా తీసుకుపోవాలి. పిల్లల అట్ట మొత్తం ఇవ్వడం కంటే ఇది నయం, వైరస్ మోసుకుపోయే ప్రమాదం చాలా తక్కువ. పాత రాణిని తీసేసి, ఒక రోజు ఆగి, ఈ గదిని మధ్య అట్టకు అతికించాలి. కంపాసాగర్‌లో, పాలెంలో ఒక్కో చోట ఇలాంటి ఇరవై కుటుంబాలు పెట్టి, రైతులకు గదులు ఇచ్చే ఏర్పాటు చేయండి. ఏ రైతు దగ్గర నిలిచిన పెట్టె ఉందో చెప్పినవారికి, దాని సంతతి ఇచ్చినవారికి డబ్బు కట్టివ్వండి.

రాణి ఒక్కటే సరిపోదు. కన్యరాణి గాలిలో ఎగిరి చాలా పోతుటీగలతో జత కడుతుంది, ఆ పోతుటీగలు చుట్టుపక్కల పెట్టెలవి, తొర్రలవి. నిలిచిన కుటుంబాల్లో పోతుటీగ అట్టలు కోయొద్దని, జబ్బు పడ్డ కుటుంబాల్లో కోసేయాలని రైతులకు చెప్పండి. బయటి నుంచి వందల పెట్టెలు ఒకేసారి తెచ్చి దింపితే ఆ గాలిలో తిరిగే పోతుటీగలన్నీ ఈ రోగం ఎరగనివే అవుతాయి. నాలుగేళ్లు కష్టపడి నిలబెట్టుకున్న గుణం ఒక్క సీజన్లో పలచబడుతుంది. కొత్త పెట్టెల పంపిణీకి మేం వ్యతిరేకం కాదు. ఎక్కడి ఈగలు, ఎవరు చూసి ఇచ్చారు అన్నదే మా ప్రశ్న.

అందుకే పంపిణీకి ముందు ప్రతి పెట్టెనూ మూడు వారాల తేడాతో రెండుసార్లు తెరిచి, పిల్లల అట్టలు చూసి, సంతకం పెట్టిన కాగితంతోనే దింపించండి. ఒక్కసారి చూస్తే చాలదు. విరామంలో ఉన్న పెట్టె, పిల్లలు తక్కువ ఉన్న పెట్టె ఆ రోజుకు శుభ్రంగానే కనబడుతుంది. నల్లమల అంచు ఊళ్లలో తొర్రల నుంచి పట్టి తెచ్చిన కుటుంబాలను కూడా మిగతావాటికి దూరంగా 40 రోజులు ఉంచి చూడాలి. అమ్రాబాద్ అడవిలో తొర్రల్లో ఉన్న సెరానాను పెట్టెల కోసం ఖాళీ చేయించొద్దు. మనిషి చేయి పడకుండా నిలిచిన ఈగలవి, పెట్టెలు పోయినప్పుడు మనకు దిక్కు అవే.

అనుమానం ఉన్న చోట పిల్లపురుగులను పరీక్షకు పంపే దారి కావాలి. పది పదిహేను పిల్లపురుగులను శుభ్రమైన గొట్టంలో పెట్టి, మంచు డబ్బాలో అదే రోజు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ల్యాబ్‌కు చేరిస్తే ఆర్‌టీ-పీసీఆర్‌తో తేలుతుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏ వేడికి తొందరగా పాడవుతుంది, మామూలు పోస్టులో పంపితే ఫలితం రాదు. జిల్లాకు ఒక మంచు డబ్బా, ఒక మనిషి, వారంలో ఒక రోజు కేటాయిస్తే చాలు.

ఖాళీ అయిన పెట్టెలను అలాగే మళ్లీ నింపనివ్వొద్దు. పది లీటర్ల వేడినీళ్లకు కిలో చాకలి సోడా కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, లోపలంతా రుద్ది కడగాలి. ఎండలో ఆరబెట్టి, బ్లో ల్యాంప్ మంటతో కొయ్య గోధుమ రంగుకు తిరిగేదాకా కాల్చాలి. మూలలు, ఫ్రేము కూర్చునే గాడులు మరవకూడదు. పాత అట్టలు మాత్రం తిరిగి వాడొద్దు.

ఇటాలియన్ ఈగలు పెంచేవారికి ఒక మాట. ఆ ఈగల జాతి మెల్లిఫెరాను ఈ థాయ్ రకం అంతగా బాధించదు. మీ పెట్టెల ముందు రెక్కలు ముడుచుకున్న ఈగలు పాకుతుంటే అది వేరే వైరస్, దాన్ని మోసేది వర్రోవా పేను, అక్కడ పేను మీదే పని చేయాలి. సెరానా పెట్టెలున్న తోటలో దించేటప్పుడు మాత్రం నీటి తొట్లు, మేత పళ్లేలు వేరుగా ఉంచండి.

వానలు వెనకపట్టి, ఈగలు చలికాలపు పూత కోసం పిల్లల్ని పెంచడం మొదలుపెట్టే రోజుల్లోనే ఈ రోగం లేస్తుంది. కాబట్టి జాలీ పంజరాలు, రాణి అడ్డులు, చక్కెర సెప్టెంబరు ఆఖరుకు మండలాలకు చేరాలి. మార్చిలో బడ్జెట్ మిగిలిందని పంచితే అప్పటికి పెట్టెలు ఖాళీ అయి ఉంటాయి. పంజరం చేసే పని ఊళ్లోని జాలీ తలుపుల మేస్త్రీకి కూడా వచ్చు, నమూనా ఒకటి పంపిస్తే చాలు. అట్టలు తెరిచి చూపించడానికి, రాణిని పట్టడం నేర్పడానికి మాలో అనుభవం ఉన్నవారు మీ శిక్షణలకు వస్తారు. తేదీలు ముందుగా చెప్పండి, పొద్దున ఏడింటికి పెట్టండి. పది దాటితే ఎండకు అట్ట మెత్తబడుతుంది, పిల్లలు చూపించడం కుదరదు.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల
పుట్ట తేనెటీగల పెంపకందారులు